ఉయ్యాలవాడ నరసింహారెడ్డి: కాపలా కాసినవాళ్లే దొంగలైన కథ

జమ్మలమడుగు నుంచి ఉత్తరం దిక్కుగా పోతే నొస్సం, ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల వస్తాయి. ఇవాళ ఆ ఊళ్లు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. 1846లో మాత్రం కోవెలకుంట్ల తాలూకా కడప కలెక్టరు చేతి కిందే ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడ్డాకే అది అటు వెళ్లింది. అందుకే నరసింహారెడ్డి తిరుగుబాటు కథ కర్నూలు వాళ్లది ఎంతో, కడప వాళ్లదీ అంతే.

ఆయన పాలెగాళ్ల కుటుంబంలో పుట్టారు. తల్లి తరపు తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగారు. అయితే ఆయన పెరిగి పెద్దయ్యే నాటికే పాలెగాళ్ల రోజులు పోయాయి. 1800లో నిజాం నవాబు కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశారు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, దాదాపు 80 మంది పాలెగాళ్ల కోటలు, బలగాలు, అధికారాలు అన్నీ తీసేశాడు. లొంగినవాళ్లకు భరణం, అంటే పెన్షన్, ఇచ్చారు. జయరామిరెడ్డి భరణం ఆయనతోనే ఆగిపోయింది. నరసింహారెడ్డికి తండ్రి వైపు నుంచి మిగిలింది నెలకు 11 రూపాయల చిల్లర.

పాలెగాళ్లతో పాటు ఇంకో వర్గం కూడా రోడ్డున పడింది. వాళ్లు కట్టుబడులు. ఆ కాలంలో పల్లెకు పోలీసు అంటే వాళ్లే. రాత్రిపూట ఊరికి కాపలా కాయడం, దొంగను పట్టుకోవడం, బాటసారులను క్షేమంగా ఊరు దాటించడం వాళ్ల పని. దొంగ దొరక్కపోతే పోయిన సొత్తుకు కాపలావాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఇంత పనికీ జీతం లేదు. తరతరాలుగా అనుభవించే ఇనాం భూమే వాళ్ల కూలి. కంపెనీ వచ్చాక ఆ ఇనాములకు లెక్కలు అడిగింది, కోతలు పెట్టింది, చాలాచోట్ల తీసేసుకుంది. ఊరికి కాపలా కాసిన మనిషికి పని పోయింది, నేల కూడా పోయింది.

మరి ఆ పని ఎవరి చేతికి పోయింది? 1816లో మద్రాసు ప్రభుత్వం కొత్త చట్టాలు తెచ్చి పోలీసు అధికారాన్ని కలెక్టరు కింద పెట్టింది. తాలూకాలో తహసీల్దారే పోలీసులకు పెద్ద. శిస్తు వసూలు చేసేది ఆయనే, ఖజానా తాళం ఆయన దగ్గరే, మనిషిని పట్టి తెప్పించేదీ ఆయనే. శిస్తు గురించి ఫిర్యాదు చేయాలన్నా, పోలీసు బంట్రోతు మీద ఫిర్యాదు చేయాలన్నా ఆ కచేరీ మెట్లే ఎక్కాలి.

ఇక కర్నూలులో 1839లో ఏం జరిగిందో జనం ఇంకా మరిచిపోలేదు. నవాబ్ గులాం రసూల్ ఖాన్ యుద్ధానికి ఆయుధాలు దాచారన్న ఆరోపణతో కంపెనీ ఆయన్ను గద్దె దించి తిరుచిరాపల్లికి పంపింది. 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యారు. కోటలో నవాబైనా, పల్లెలో కాపలావాడైనా, పాత హక్కు ఒక్క హుకుంతో పోతుందని రాయలసీమకు తెలిసిపోయింది.

తన భరణం కోసం నరసింహారెడ్డి మనిషిని కోవెలకుంట్ల ఖజానాకు పంపితే, తహసీల్దారు రాఘవాచారి ఆయన్నే స్వయంగా రమ్మని అవమానంగా మాట్లాడారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. 1846 జులైలో ఆయన వచ్చారు, కానీ వెనక వందల మందితో వచ్చారు. వాళ్లలో ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడులు ఉన్నారు, బోయలు ఉన్నారు. ఖజానాను దోచుకున్నారు. తహసీల్దారును, కాపలా బంట్రోతులను చంపేశారు. తర్వాత మిట్టపల్లి దగ్గర పోలీసులు చచ్చారు. రుద్రవరం దోపిడీ అయింది. అలా చనిపోయినవాళ్లలో తెల్లవాళ్లు లేరు. కంపెనీ జీతం మీద బతికే ఇక్కడి మనుషులే వాళ్లంతా, వాళ్లకూ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాట దాచకూడదు.

తిరుగుబాటు పెరిగింది. వందల మంది కాస్తా వేలయ్యారు. చుట్టుపక్కల జమీందార్లతో పాటు హైదరాబాద్ సలాం ఖాన్, కర్నూలు పాపా ఖాన్ ఆయనకు అండగా ఉన్నారని స్థానిక చరిత్రలు చెబుతాయి. హిందువులు, ముస్లింలు ఎవరి దెబ్బ వాళ్లు తిన్నవాళ్లే కాబట్టి ఆ పొత్తులో ఆశ్చర్యం లేదు.

కడప కలెక్టరు కాక్రేన్ సైన్యాన్ని పిలిపించాడు. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ దళాలు వెంటపడ్డాయి. గిద్దలూరు వైపు జరిగిన పోరులో తిరుగుబాటుదారులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. నరసింహారెడ్డి ఇంటివాళ్లను తీసుకుని నల్లమల అడవుల్లోకి వెళ్లారు. ఆచూకీ చెప్పినవాళ్లకు బహుమానం అని కంపెనీ ప్రకటించింది. 1846 అక్టోబరులో పేరుసోముల కొండల దగ్గర ఆయన పట్టుబడ్డారు.

తర్వాత దాదాపు వెయ్యి మందిపై వారెంట్లు పుట్టాయి. వాళ్లలో 412 మందిని ఏ నేరమూ మోపకుండా వదిలేశారు. 273 మందిని జామీను మీద విడిచారు. నేరం రుజువై శిక్ష పడింది 112 మందికి. ఈ లెక్క ఒక్కసారి నిదానంగా చూడాలి. పట్టుకోవాలనుకున్న ప్రతి పది మందిలో నలుగురి మీద చెప్పడానికి నేరమే లేదు. తిరుగుబాటు చేసిన ఊళ్ల మనుషులు కావడమే వాళ్ల తప్పు.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, రెండు వేల మందికి పైగా చూస్తుండగా, నరసింహారెడ్డిని ఉరి తీశారు. కంపెనీ కోపం అక్కడితో ఆగలేదు. ఆయన తలను కోట గోడ మీద వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. మనిషిని శిక్షించడానికి ఉరి చాలు, ఊరిని భయపెట్టడానికే ఆ తల. అప్పుడు పుట్టిన బిడ్డ ముప్ఫై ఏళ్ల మనిషై, ధాత కరువు చూసే రోజుల దాకా అది అక్కడే ఉంది.

ఆయన ఎవరన్నదాని మీద వాదన నేటికీ తెగలేదు. భరణం కోసం గొడవపడిన పాలెగాడే గదా, దేశం కోసం పోరాడాడని ఎలా అంటారని కొందరి ప్రశ్న. 1857కు పదకొండేళ్ల ముందే కంపెనీని ఎదిరించిన తొలి వీరుడని ఇంకొందరి మాట. 2019లో వచ్చిన సైరా నరసింహారెడ్డి సినిమా ఈ వాదనను ఇంటింటికీ తెచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. అయినా రెండు పక్షాలూ ఆయన ఒక్కడి గురించే మాట్లాడతాయి. పదకొండు రూపాయల భరణం ఆయన కారణం కావచ్చు. వెంట నడిచిన వేల మందికి భరణమే లేదు. వాళ్లెందుకు నడిచారన్నది అడిగితే కట్టుబడుల ఇనాముల దగ్గరికి, తహసీల్దారు కచేరీ దగ్గరికి రావాల్సిందే.

తర్వాత జరిగిందే ఆ ప్రశ్నకు సగం జవాబు. మద్రాసు రాజ్యంలో శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఫిర్యాదులు లండన్ దాకా పోతే, విచారణకు కమిషన్ వేయక తప్పలేదు. హింస నిజమేనని 1855లో ఆ కమిషనే ఒప్పుకుంది. శిస్తు, పోలీసు ఒకే చేతిలో ఉండటం ఎంత చెరుపో అప్పుడు బయటపడింది. 1859లో చట్టం చేసి పోలీసు శాఖను రెవెన్యూ నుంచి వేరు చేశారు. కోవెలకుంట్ల గోడ మీద తల అప్పటికీ వేలాడుతూనే ఉంది.

ఇలాంటి వాదన కొత్తదీ కాదు, ఒక్క దేశానిదీ కాదు. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద తెల్ల పోలీసు మోకాలు పెట్టి ప్రాణం తీసినప్పుడు ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు. కొన్నిచోట్ల దుకాణాలు తగలబడ్డాయి. కొందరు అమెరికన్లకు అందులో న్యాయం కోసం నిరసన కనిపించింది, కొందరికి అల్లరిమూకల దోపిడీ మాత్రమే కనిపించింది. ఏం తగలబడిందన్న లెక్క త్వరగానే తేలుతుంది. ఎందుకు తగలబడిందన్నదే ఏళ్లు పడుతుంది.

నరసింహారెడ్డి విషయంలో నూట డెబ్బై ఏళ్లు దాటాయి. తహసీల్దారు హత్య హత్యే, దాన్ని ఎవరూ మాఫీ చేయలేరు. కానీ ఊరికి కాపలా కాసినవాడి నేల లాక్కుని, అడిగే చోటు లేకుండా చేసి, తిరగబడ్డాక దొంగ అని పేరు పెట్టిన కచేరీ మీద మాత్రం ఏనాడూ కేసు నడవలేదు.