రెండో పేరు గంటం దొర

మాది చింతపల్లి. మా ఊరు చరిత్రలోకెక్కిన రోజు 1922 ఆగస్టు 22. ఆ రోజు మన్యం వీరులు ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! ఎవరు చేశారంటే మన కుర్రాళ్లు టక్కున అల్లూరి సీతారామరాజు అంటారు. ఇంకో పేరు చెప్పమంటే ఫోన్ తీసి వెతుక్కుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే ఉండీవాణ్ణి. ఆ రెండో పేరే గాం గంటం దొర.

గంటం దొర బట్టిపనుకుల మునసబు. అంటే ఊళ్లో సర్కారు మనిషే. అలాంటోడు తుపాకీ ఎందుకు పట్టాడు? 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టినా నేరమే, అడవిలో కట్టెలు తెచ్చుకున్నా నేరమే అయిపోయింది. దాని మీద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వచ్చిపడ్డాడు. నర్సీపట్నం వైపు ఘాట్ రోడ్డు పనికి గిరిజనుల్ని తోలి, కూలి సరిగా ఇవ్వకుండా కొట్టించాడు. గంటం దొర మునసబు ఉద్యోగమూ పోయింది. ఆయన, తమ్ముడు మల్లు దొర ఇద్దరూ రాజు పక్కన నిలబడ్డారు.

ఇక్కడొక మాట చెప్పాలి. రాజు మైదానం నుంచి వచ్చినాయన. ఆయన పిలుపు ఎంత గొప్పదైనా, ఏ గెడ్డ ఎక్కడ దాటాలో, ఏ మలుపులో మాటు వేయాలో, ఏ ఊళ్లో గంజి దొరుకుతాదో తెలిసినోళ్లు ఈ కొండోళ్లే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, వెనకొచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్‌నీ, హైటర్‌నీ కాల్చారు. కొండ దారి ఎరిగినోళ్లు లేకుండా అలాంటి మాటు అయ్యే పనేనా? ఆ దండులో గంటం దొర ముందువరస నాయకుడు. గోకిరి ఎర్రేసు, కంకిపాటి ఎండు పడాలు, బోనంగి పండు పడాలు లాంటోళ్లూ ఉన్నారు.

సర్కారు మలబారు పోలీసుల్ని దింపింది, అస్సాం రైఫిల్స్‌ని దింపింది. 1923లో మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చేశారు. అంతటితో అయిపోయిందనుకుంటాం. కాలేదు. గంటం దొర లొంగలేదు. రాజు పోయాక నెల రోజులు అడవిలోనే తిరిగి, జూన్‌లో పోలీసుల తూటాలకి పడిపోయాడు. ఆ నెల రోజులు ఆయన ఎవరి కోసం తిరిగినట్టు? తన కొండ కోసమే అని నేననుకుంటాను.

మల్లు దొర అండమాన్ జైలు చూసి తిరిగొచ్చాడు. 1952లో తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్లాడు. అన్న ప్రాణం ఇచ్చాడు, తమ్ముడు పార్లమెంటులో కూర్చున్నాడు.

ఇప్పుడు మన జిల్లాకి అల్లూరి పేరుంది, సంతోషమే. రాజుని తగ్గించమని నేనట్లేదు. కానీ గంటం దొరని మర్చిపోతే, గిరిజనులు ఎవరో వచ్చి నడిపిస్తేనే నడిచారని మన పిల్లలు అనుకుంటారు. అది అబద్ధం. ఈ కొండలకి సొంత సేనానులుండీవారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరి ముసలోళ్ల దగ్గర కూర్చుని మూడో పేరు, నాలుగో పేరు అడగండి. వాళ్లు ఉండగానే రాసి పెట్టుకోండి.