వేకువను వశపరచుకొనిన మహాత్ముడు

రాజకోట ఉన్నత పాఠశాలలో చదువుకొను దినములలో మోహనదాసు గాంధీకి గడియారము లేదు. ఒక శనివారము ఉదయపు తరగతులు ముగిసిన పిమ్మట, సాయంకాలము 4 గంటలకు వ్యాయామమునకై మరల పోవలసియుండెను. ఆకాశము మబ్బుపట్టియుండుటచే పొద్దు తెలియలేదు. ఆయన చేరునప్పటికి అందరును వెడలిపోయిరి. ఉన్నమాట చెప్పినను ప్రధానోపాధ్యాయులు నమ్మక జరిమానా విధించిరి. అసత్యవాది యను నింద భరింపలేక ఆ బాలుడు మిక్కిలి విలపించెను. సత్యము పలుకువాడు వేళ విషయమునను ఏమరుపాటు లేక మెలగవలెనని ఆయనకప్పుడు తెలిసివచ్చెను.

కసరత్తులన్న ఆయనకు ప్రీతి లేదు. ఆరుబయట నడచుట ఆరోగ్యకరమని చదివి, నడకను మాత్రము అలవరచుకొనెను. లండనులో విద్యార్థిగా నున్నప్పుడు బండిఖర్చు మిగుల్చుకొనుచు దినమునకు ఎనిమిది, పది మైళ్ళు నడచెను. 1915లో హరిద్వార కుంభమేళా సమయమున, దినమునకు ఐదు పదార్థములకు మించి తినననియు, చీకటి పడిన పిదప భుజింపననియు నియమము పూనెను.

సబర్మతి ఆశ్రమ దినచర్య ఇట్టి నియమములపైననే నిలిచినది. రాత్రి 9 గంటలకు శయనఘంట, వేకువ 4 గంటలకు మేలుకొలుపు, 4.15కు ప్రార్థన. ముందటి రాత్రిని చక్కదిద్దుకొనని వానికి వేకువ వశము కాదు. ఆశ్రమమున రెండు ఘంటలకును సమాన గౌరవముండుట అందువలననే.

ఈ అభ్యాసమునకు పరీక్ష 1930 మార్చి 12న ప్రారంభమయ్యెను. అరువది యేండ్లు నిండిన గాంధీజీ 78 మంది సహచరులతో దండికి కాలినడకన బయలుదేరెను. వారిలో ఆంధ్రదేశీయుడు ఎర్నేని సుబ్రహ్మణ్యముగారుండిరి. ఎండ ముదురక మునుపు కొంత, చల్లబడిన పిదప కొంత నడక. ప్రార్థన, నూలు వడకుట, దినచర్య వ్రాయుట అందరికిని విధులు. పలువురు యువకులు అలసి జబ్బుపడినను, తనకై సిద్ధపరచిన గుఱ్ఱమును ఆయన ఎక్కలేదు.

నేడు సూరతు నగరమున కలిసిపోయిన కోసాడు ప్రాంతమునకు ఆ దండు నెలాఖరున చేరువయ్యెను. మార్చి 29న భట్‌గామ్‌లో గాంధీజీ తన పరివారమునే విమర్శించెను. సూరతునుండి మోటారులో పాలు తెప్పించుటయు, రాత్రివేళ బరువైన దీపమును కూలివాని తలపై మోయించుటయు ఆయన మనస్సును నొప్పించినవి. తాము నియమముతో మెలగినను, తమ సౌకర్యమునకై మరియొకని వెన్ను వంగుట ఆయనకు సహింపరానిదయ్యెను. మార్చి 31 సోమవారము దేలాడ్‌లో విశ్రాంతి. మరునాడు కోసాడు సమీపముననున్న ఛాప్రాభాఠా మీదుగా సూరతు చేరిరి.

ఏప్రిల్ 6 ఉదయమున దండి తీరమున సముద్రస్నానము చేసి, గాంధీజీ పిడికెడు ఉప్పు తీసికొనెను. మబ్బుపట్టిన పూట వేళ తప్పిన బాలుడు, కాలక్రమమున నడుమున గడియారము వ్రేలాడదీసికొని తిరిగిన మహాత్ముడయ్యెను. తెల్లవారుజామున మేల్కొనుట ఆయనకు జన్మతో వచ్చిన వరము కాదు. మితభోజనముచే, నడకచే, వేళకు పరుండుటచే దినదినమును సంపాదించుకొనిన సొత్తు. ఆ సొత్తును ఆయన తనకై దాచుకొనక దేశమునకై వెచ్చించెను.