సుమోలో దాగిన పేరు: సుమంత్ మూల్గావ్‌కర్

తెలుగు ఫ్యాక్షన్ సినిమాలు రాజ్యమేలిన రోజుల్లో హీరో, విలన్ల తర్వాత తెరమీద ఎక్కువగా కనిపించింది టాటా సుమోనే. వరసగా దుమ్ము రేపుకుంటూ వచ్చేవి, గాల్లోకి లేచేవి, బాంబు దెబ్బకు తునాతునకలయ్యేవి. సుమో అనగానే చాలామందికి జపాన్ మల్లయోధులు గుర్తొస్తారు. బండి ఆకారం కూడా అందుకు తగ్గట్టే ఉండేది. అసలు సంగతి వేరు. 1994లో ఆ బండిని మార్కెట్లోకి తెచ్చినప్పుడు, తమ సంస్థను నిలబెట్టిన ఒక ఇంజనీరు పేరులోని తొలి అక్షరాలను టాటాలు దానికి పెట్టుకున్నారు. ఆయన సుమంత్ మూల్గావ్‌కర్. ఇంగ్లిషులో రాస్తే ఆయన పేరులో, ఇంటిపేరులో మొదటి రెండేసి అక్షరాలు కలిస్తే సుమో.

బండి పేరుకు జపాన్‌తో చుట్టరికం లేకపోయినా, ఆ మనిషి జీవితంలో మాత్రం జపాన్‌కు పెద్ద పాత్రే ఉంది. ఒక జపాన్ కార్ల కంపెనీతో చేయి కలిపిన భారత సంస్థకు ఆయన తొలి ఛైర్మన్. అదే దశాబ్దంలో నాలుగు జపాన్ కంపెనీల లారీలను ఎదుర్కొని నిలిచిన సంస్థకు అధినేత కూడా ఆయనే.

సిమెంటు నేర్పిన పాఠం

మూల్గావ్‌కర్ 1906 మార్చి 5న పుట్టారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1929లో పట్టా పుచ్చుకున్నారు. తిరిగొచ్చాక చేరింది సిమెంటు రంగంలో. ఆ తర్వాత ఏసీసీలో ఎదిగారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి విదేశాల నుంచి యంత్రాలు రావడం గగనమైంది. ఫ్యాక్టరీ నడవాలంటే యంత్రాన్ని ఇక్కడే తయారుచేసుకోవాలి. అందుకు పూనుకున్న ఇంజనీర్లలో ఆయనది ముందువరస. 1947లో పూర్తిగా దేశీయ యంత్రాలతో తొలి సిమెంటు కర్మాగారాన్ని ఏసీసీ నెలకొల్పింది చాయిబాసాలో. అది జంషెడ్‌పూర్‌కు దగ్గరే.

వస్తువు తయారుచేయడం ఒక ఎత్తు, ఆ వస్తువును తయారుచేసే యంత్రాన్ని తయారుచేయడం మరో ఎత్తు. రెండోది చేతకాని దేశం ఎప్పటికీ ఇంకొకరి దయమీద ఆధారపడాల్సిందే. ఆయన తర్వాతి నలభై ఏళ్ల నిర్ణయాలన్నిటి వెనకా ఈ ఎరుక కనిపిస్తుంది.

జంషెడ్‌పూర్‌లో మూడు కోణాల నక్షత్రం

టాటాలు 1945లో జంషెడ్‌పూర్‌లో టెల్కోను ప్రారంభించారు. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ అన్న పేరే చెబుతుంది, అది రైలింజన్ల కోసం పుట్టిన సంస్థ అని. 1949లో మూల్గావ్‌కర్ దాని పగ్గాలు అందుకున్నారు. ఆవిరి ఇంజన్ల వ్యాపారంలో ఒక చిక్కు ఉంది. కొనేది ఒక్క రైల్వేనే. ఎన్ని కావాలో, ఎంత ధర ఇస్తుందో దాని ఇష్టం. పైగా ప్రపంచమంతటా డీజిల్, విద్యుత్ ఇంజన్లు ఆవిరిని పక్కకు నెడుతున్నాయి. టెల్కో 1970 వరకు ఆవిరి ఇంజన్లు చేస్తూనే వచ్చింది కానీ, భవిష్యత్తు అందులో లేదని అంతకు చాలాముందే తేలిపోయింది.

1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం కుదిరింది. అదే ఏడాది జంషెడ్‌పూర్ నుంచి తొలి లారీ బయటికొచ్చింది. టాటా మెర్సిడెస్ బెంజ్ అన్న పేరు, ముందు మూడు కోణాల నక్షత్రం. మన ఊళ్లలో టాటా బెంజ్ లారీ అని పిలిచింది దీన్నే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఛాసిస్ మాత్రమే. బాడీ కట్టించుకోవడం యజమాని పని. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వేలమంది కమ్మర్లు, వడ్రంగులు, పెయింటర్లు, మెకానిక్‌లకు బతుకు చూపింది ఈ పద్ధతే.

జంషెడ్‌పూర్‌తో తెలుగువాళ్ల అనుబంధం లారీల కంటే పాతది. ఉక్కు కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నాయి. ఆ నగరం తూర్పున టెల్కో కాలనీ పెరిగి పెద్దదవుతున్న కాలంలోనే, అక్కడ తయారైన బండి కోస్తా రోడ్లమీద వడ్లు, పొగాకు, మిర్చి మోయడం మొదలుపెట్టింది.

1969లో జర్మన్ ఒప్పందం ముగిసింది. నక్షత్రం పోయి, దాని స్థానంలో టాటా పేరులోని తొలి ఇంగ్లిషు అక్షరం వచ్చింది. బండి మీద విదేశీ గుర్తు తీసేస్తే గిరాకీ తగ్గుతుందేమోనన్న బెంగ ఏ వ్యాపారికైనా సహజం. అలా జరగలేదు. అప్పటికే విడిభాగాల్లో అత్యధికం దేశంలోనే తయారవుతున్నాయి. 1961 నుంచే సిలోన్‌కు లారీలు ఎగుమతి అవుతున్నాయి.

పుణెలో పదకొండేళ్లు

జంషెడ్‌పూర్ ఒక్కటే చాలదనుకుని 1960ల మధ్యలో ఆయన పుణె దగ్గర పింప్రి, చించ్‌వడ్ వైపు దృష్టి సారించారు. ఎవరైనా ముందు లారీల అసెంబ్లీ లైను పెడతారు. ఆయన ముందు అప్రెంటిస్‌ల శిక్షణ కేంద్రం, ఆ తర్వాత యంత్ర పరికరాలు, అచ్చులు తయారుచేసే విభాగాలు పెట్టించారు. 1966లో ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం మొదలైంది. బోడి నేలలో చెట్లు నాటించి, చెరువు తవ్వించారు. ఆ చెరువుకు తర్వాత సుమంత్ సరోవర్ అన్న పేరే స్థిరపడింది. పుణె నుంచి తొలి వాహనం బయటికి వచ్చింది 1977లో. పరిశోధన కేంద్రం పెట్టిన పదకొండేళ్లకు. ఈ కాలమంతా తయారైంది పనిముట్లు, వాటిని వాడే మనుషులు.

ఆయన గురించి ఇంటర్నెట్‌లో ఒక కథ విపరీతంగా తిరుగుతుంటుంది. మధ్యాహ్నం పూట ఎవరికీ చెప్పకుండా హైవే పక్క ధాబాకు వెళ్లి, లారీ డ్రైవర్లతో కలిసి తింటూ బండిలో లోపాలు అడిగి తెలుసుకునేవారని. చూసినవాళ్ల పేరు, జరిగిన ఊరు, సంవత్సరం లేని కథ అది. ఆయన పనితీరు తెలుసుకోవడానికి దాని సాయం అక్కర్లేదు. పుణెలో ఆ పదకొండేళ్లు చాలు.

ఈ చరిత్రలో మరకలు లేకపోలేదు. 1974లో ఇంజనీర్ల కోసం టెల్కో ఇచ్చిన ప్రకటనలో మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదని రాశారు. దాన్ని ప్రశ్నిస్తూ సుధా కులకర్ణి అనే విద్యార్థిని జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు రాసి, చివరికి ఆ సంస్థలో తొలి మహిళా ఇంజనీరుగా చేరారు. ఆమే తర్వాతి కాలపు సుధామూర్తి. మనుషుల్ని తీర్చిదిద్దడం మీద అంత శ్రద్ధ పెట్టిన సంస్థకు ఆ మనుషుల్లో ఆడవాళ్లు కనపడటానికి ఒక పోస్టుకార్డు కావాల్సొచ్చింది.

మరో విమర్శ ఇంకా లోతైనది. అది లైసెన్సుల కాలం. ఎన్ని లారీలు తయారుచేయాలో ప్రభుత్వం చెప్పేది. కొనేవాళ్లు వరసలో నిలబడేవారు. పెద్ద పోటీ అంటే మద్రాసు అశోక్ లేలాండ్. అలాంటి మార్కెట్లో వచ్చిన పేరు బండి గొప్పదనమా, వేరే బండి దొరక్కపోవడమా? బయటి పోటీ వస్తే తప్ప తేలని ప్రశ్న ఇది.

జపాన్ వచ్చింది

1980ల మొదట్లో ఆ పోటీ వచ్చింది. అందులో ఒక తలుపు తెరిచిన సంస్థతో మూల్గావ్‌కర్‌కే సంబంధం ఉండటం విశేషం. 1981లో ప్రభుత్వం మారుతి ఉద్యోగ్‌ను ఏర్పాటు చేసినప్పుడు, రోజువారీ బాధ్యతలు లేని ఛైర్మన్‌గా ఆయన్నే నియమించింది. వి. కృష్ణమూర్తి సారథ్యంలో నడిచిన ఆ సంస్థ 1982లో సుజుకితో ఒప్పందం చేసుకుంది. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 రోడ్డెక్కింది. చిన్న కారు, తక్కువ పెట్రోలు, తరచూ చెడిపోని ఇంజను. జపాన్ సరుకంటే నమ్మకమన్న అభిప్రాయం మధ్యతరగతిలో పాతుకుపోయింది.

అదే సమయంలో తేలికపాటి లారీల తయారీకి నాలుగు జపాన్ సంస్థలు భారతీయ భాగస్వాములతో వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి. నాలుగోది మనదే. ఫ్రిజ్‌లు, వాచీలతో ఇంటింటికీ తెలిసిన హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో పెట్టిన ఆల్విన్ నిస్సాన్. వీటి బండ్లలో క్యాబిన్ సుఖంగా ఉండేది, డీజిల్ ఆదా అయ్యేది. అప్పటిదాకా చెక్క సీటు, ఇంజను వేడిలో బండి నడిపిన డ్రైవరుకు అది కొత్త లోకం.

అప్పటికి టెల్కో చేతిలో ఆ తరగతి బండి లేదు. విదేశీ భాగస్వామిని వెతుక్కోవడం సులువైన దారి. మూల్గావ్‌కర్ బృందం సొంతంగా రూపొందించాలని నిర్ణయించుకుంది. 1986లో టాటా 407 వచ్చింది. జనం నోట్లో అది ఫోర్ నాట్ సెవెన్.

గెలుపు లెక్క

కొన్నేళ్లలోనే 407 తన తరగతిలో జపాన్ బండ్లను దాటేసింది. దీన్ని దేశభక్తి గాథగా చెప్పుకోవడం తేలిక. లెక్క చూస్తే కారణాలు మూడు కనిపిస్తాయి. ఒకటి, వాడకం. మన దగ్గర లారీ మీద రాసిన బరువు వేరు, ఎక్కించే బరువు వేరు. ఆ సంగతి తెలిసినవాళ్లు గీసిన బండి 407. రెండోది, మరమ్మతు. మూడు దశాబ్దాలుగా టాటా లారీలు విప్పి బిగించిన మెకానిక్‌లు, స్పేర్ పార్టుల దుకాణాలు ప్రతి పట్టణంలో ఉన్నాయి. మూడోది, యెన్. 1985లో న్యూయార్క్‌లో కుదిరిన ప్లాజా ఒప్పందం తర్వాత మూడేళ్లలోపే డాలరుతో యెన్ విలువ దాదాపు రెట్టింపైంది. జపాన్ నుంచి విడిభాగాలు తెచ్చుకుంటున్న నాలుగు సంస్థల ఖర్చూ తడిసి మోపెడైంది. విడిభాగాలు ఇక్కడే చేసుకునే టెల్కోకు ఆ దెబ్బ తగల్లేదు.

కాబట్టి ఇది జపాన్ ఇంజనీరింగ్ ఓటమి కాదు. యెన్ పెరగడం మూల్గావ్‌కర్ ప్రతిభా కాదు. కానీ అది పెరిగినప్పుడు తట్టుకోగల స్థితిలో ఉండటం మాత్రం ఆయన ఇరవై ఏళ్ల ముందు పుణెలో వేసిన పునాది ఫలితం. చాయిబాసా నేర్పిన పాఠమే మళ్లీ అక్కరకొచ్చింది.

ఆ నాలుగు జపాన్ పేర్లలో ఒక్కటీ అలాగే మిగల్లేదు. డీసీఎం టొయోటా 1990ల్లో డేవూ చేతికి వెళ్లింది. మిత్సుబిషి పేరు పోయి ఐషర్ మిగిలింది. స్వరాజ్ మజ్దా తర్వాత ఇసుజు పేరు తగిలించుకుంది. ఆల్విన్ నిస్సాన్‌ను మహీంద్రా తీసుకుంది. ఇప్పుడు జహీరాబాద్‌లో తయారవుతున్నవి మహీంద్రా ట్రాక్టర్లు. అయితే జపాన్ ఊరుకోలేదు. 2000లో టొయోటా క్వాలిస్‌తో తిరిగొచ్చి, సరాసరి సుమో గిరాకీకే గండికొట్టింది. లారీలో పనికొచ్చిన మొండితనం, కుటుంబంతో తిరుపతి వెళ్లే ప్రయాణికుడికి సరిపోలేదు. అతనికి కావాల్సింది కుదుపుల్లేని ప్రయాణం.

ఆఖరి రోజులు

జె.ఆర్.డి. టాటా తర్వాత టెల్కో ఛైర్మన్ అయిన మూల్గావ్‌కర్, 1988 చివర్లో ఆ బాధ్యతను రతన్ టాటాకు అప్పగించారు. ప్రేమగా పెంచిన పుణె ఫ్యాక్టరీ ఆ సమయంలోనే కార్మిక వివాదంతో అట్టుడికింది. నిరాహార దీక్ష, పోలీసు చర్యల దాకా వెళ్లిన ఆ వివాదం ముగింపు ఆయన చూడలేదు. 1989 జులై 1న కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మభూషణ్ ప్రకటించారు. దేశంలో స్వచ్ఛంద రక్తదాన ఉద్యమానికి బాట వేసిన లీలా మూల్గావ్‌కర్ ఆయన భార్య.

ఆయన పెట్టించిన పరిశోధన కేంద్రమే తర్వాత 1998లో ఇండికా కారును తీసుకొచ్చింది. జంషెడ్‌పూర్ టెల్కో ప్రాంతంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. సుమో తయారీ 2019లో ఆగిపోయింది. 407 మాత్రం ఇంకా తయారవుతూనే ఉంది. దానిమీద ఎవరి పేరూ లేదు. తెల్లవారుజామున రైతు బజారుకు కూరగాయలు దించుతున్న ఆ చిన్న లారీయే ఆయన పనితనానికి అసలైన గుర్తు.