క్లోరిన్ లెక్క తేల్చిన బీరు కంపెనీ కెమిస్ట్.. ఎవరీ ఆస్టన్?

క్లోరిన్ పరమాణు భారం 35.5 అని స్కూల్లో చదివే ఉంటారు. చాలా మూలకాలకు పూర్ణాంకానికి దగ్గరగా ఉంటే, దీనికి ఈ అర ఎందుకు? ఏళ్ల తరబడి సైంటిస్టుల బుర్ర తిన్న ప్రశ్న ఇది.

తేల్చింది ఫ్రాన్సిస్ ఆస్టన్. 1877లో బర్మింగ్‌హామ్ దగ్గర హార్బోర్న్‌లో పుట్టారు. మూడేళ్లు బీరు కంపెనీలో కెమిస్ట్. 1910లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. నియాన్‌లో రెండు రకాల పరమాణువులున్నాయన్న అనుమానం తేలేలోపే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ల్యాబ్ వదిలి ఫార్న్‌బరో విమాన ఫ్యాక్టరీకి వెళ్లాల్సి వచ్చింది.

1919లో తిరిగొచ్చి మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ తయారు చేశారు. అయాన్లను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా పంపితే బరువును బట్టి ఫొటో ప్లేట్‌పై వేర్వేరు చోట్ల గీతలు పడతాయి. క్లోరిన్‌కు 35, 37 దగ్గర గీతలొచ్చాయి. మరి 35.5 దగ్గర? ఏమీ లేదు! అసలు అంత బరువున్న క్లోరిన్ పరమాణువే లేదన్నమాట. తేలికవి మూడొంతులు, బరువైనవి ఒక వంతు కలిస్తే వచ్చే సగటు అది.

1922లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆయన మాత్రం ఆగలేదు, 200కు పైగా ఐసోటోపులను గుర్తించారు. 1945 నవంబర్ 20న కేంబ్రిడ్జ్‌లో కన్నుమూశారు. భూగర్భ జలాల్లో ఉప్పు ఎక్కడిదో పట్టుకోవడానికి ఇప్పటికీ ఈ 35, 37ల నిష్పత్తినే కొలుస్తున్నారు.