వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (1803 జనవరి 16 - 1887 మార్చి 1) మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన బ్రిటిషు అధికారి, దక్షిణభారత నాణేలను సేకరించి శాస్త్రీయముగా పరిశీలించిన తొలితరం పండితులలో ప్రముఖుడు.

== ఉద్యోగ జీవితము ==
ఇలియట్ స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించి, హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ తిరుగుబాటులో ఆమె సైనికులకు చిక్కి కొంతకాలము బందీగా ఉన్నాడు. ఆ కన్నడ దేశములోనే వందలాది శాసనములకు నకళ్ళు తీయించాడు.

1845లో గుంటూరు జిల్లా శిస్తు ఎందుకు క్షీణించినదో విచారించుటకు ఇతనిని పంపారు. జగ్గయ్యపేటను తన తండ్రి పేరిట నిర్మించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో మరణించగా, ఆయన దత్తపుత్రుల వ్యాజ్యములతో అమరావతి, నందిగామ ప్రాంతాల సంస్థానము అప్పులపాలైనది. ఇలియట్ నివేదిక తరువాత గుంటూరు జమీందారీలను ప్రభుత్వము స్వాధీనపరచుకొన్నది. ఇతడు 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేశాడు.

== అమరావతి ==
1845లోనే అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పములను మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు, వానకు పడియుండి, 1859లో లండనుకు తరలిపోయాయి. త్రవ్వినవాని శ్రద్ధ భద్రపరచవలసినవారికి లేకపోయినది. జగ్గయ్యపేట స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించేనాటికి దాని రాళ్ళు చాలావరకు ఊరివారి కట్టడాలకు పోయాయి.

== నాణేలు ==
దొరికిన పాత నాణెము కంసాలి మూసలో కరిగిపోయే కాలమది. ఇలియట్ బంగారు వరాహలతో పాటు, ఎవరూ విలువ కట్టని సీసపు బిళ్ళలను కూడా సేకరించాడు. తెలుగు చరిత్రకు ఇవే ముఖ్యము: వాటిపై బ్రాహ్మీ లిపిలో శాతవాహన రాజుల పేర్లు ఉండుటచే, పురాణములలోని వంశావళులను సరిచూచుటకు వీలు కలిగినది. 1850వ దశకములో మద్రాసు సాహిత్య సంఘ పత్రికలో నాణేలపై వ్యాసములు వ్రాశాడు. శిక్కా ముద్రల నాణేలు మొదలు చాళుక్య, చోళ, విజయనగర నాణేల వరకు వివరించిన 'కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా' అతని మరణమునకు కొద్దికాలము ముందు వెలువడినది. అప్పటికి అతనికి చూపు దాదాపుగా పోయినది. చెప్పి వ్రాయించవలసి వచ్చినది.

== ఇతర కృషి ==
ఉత్తర సర్కారులలోని మొక్కల తెలుగు పేర్లను, శాస్త్రీయ నామములను జతపరచిన 'ఫ్లోరా ఆంధ్రికా' 1859లో అచ్చయినది. పేరు వలన తెలియకున్నను, ఇది తెలుగు నిఘంటుకారులకు కూడా పనికివచ్చే గ్రంథము. 1860లో పదవీ విరమణ చేసి స్కాట్లండు చేరిన ఇలియట్, 1878లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. మరణించిన రోజు ఉదయము కూడా తమిళ పండితుడు జి.యు.పోప్‌నకు తిరుక్కురళ్ ప్రచురణను మెచ్చుకొనుచు ఒక లేఖ చెప్పి వ్రాయించి సంతకము చేశాడు.