ఆర్చీ కార్

ఆర్చీ ఫెయిర్లీ కార్ (జూన్ 16, 1909 - మే 21, 1987) అమెరికాకు చెందిన జంతుశాస్త్రవేత్త, అధ్యాపకుడు, రచయిత. సముద్ర తాబేళ్ళ జీవితాన్ని శాస్త్రీయంగా పరిశోధించినవారిలో అగ్రగణ్యుడు. ఒక దేశపు తీరంలో గుడ్లు పెట్టి, మరొక దేశపు జలాలలో మేత మేసే ఈ జీవులను ఏ దేశమూ ఒంటరిగా కాపాడలేదని ఈయన పరిశోధనలు నిరూపించాయి. సముద్ర తాబేళ్ళ రక్షణకై తరువాతి కాలంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాలకు ఈ పరిశోధనలే పునాది వేశాయి.

బాల్యం, విద్య

కార్ అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో జన్మించాడు. తండ్రి ప్రెస్బిటేరియన్ చర్చిలో మతబోధకుడు. తల్లి పియానో ఉపాధ్యాయురాలు. కార్ బాల్యం టెక్సాస్ లోని ఫోర్ట్ వర్త్, జార్జియాలోని సవానా నగరాలలో గడిచింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చదివి 1937లో డాక్టరేట్ పట్టా పొందాడు. అనంతరం అక్కడే అధ్యాపకుడిగా చేరి, జీవితాంతం ఆ విశ్వవిద్యాలయంతోనే అనుబంధం కొనసాగించాడు.

1937లోనే మార్జరీ హారిస్ ను వివాహం చేసుకున్నాడు. ఆమె కూడా జీవశాస్త్రవేత్త. ఫ్లోరిడాను అడ్డంగా చీల్చే నౌకా కాలువ నిర్మాణానికి వ్యతిరేకంగా ఆమె నడిపిన ఉద్యమం ఫలించి 1971లో ఆ పని నిలిచిపోయింది. ఈ దంపతులకు ఐదుగురు సంతానం.

1945 నుండి 1949 వరకు కార్ హోండురాస్ లోని పాన్ అమెరికన్ వ్యవసాయ పాఠశాలలో బోధించాడు. అక్కడ అలవడిన స్పానిష్ భాష, మధ్య అమెరికా ప్రజలతో ఏర్పడిన పరిచయం తరువాతి కృషికి ఎంతగానో తోడ్పడ్డాయి.

టోర్టుగేరో పరిశోధనలు

1952లో కార్ ఉత్తర అమెరికా తాబేళ్ళపై ఒక సమగ్ర గ్రంథం ప్రచురించాడు. సముద్ర తాబేళ్ళ గురించి శాస్త్రానికి తెలిసినది ఎంత స్వల్పమో ఆ రచన సమయంలో ఈయనకు అవగతమయింది. దానితో కరేబియన్ తీరాల వెంట ప్రయాణించి, జాలరులను అడిగి వివరాలు సేకరించాడు. కోస్టారికాలోని టోర్టుగేరో తీరం పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టే ప్రధాన స్థలమని గుర్తించాడు.

ఆ కాలంలో పచ్చ తాబేలు మాంసానికి, దానితో చేసే సూపుకు విదేశాలలో గొప్ప గిరాకీ ఉండేది. గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఒడ్డుకు వచ్చిన తల్లి తాబేలును వెల్లకిలా తిప్పేవారు. అలా తిప్పిన తాబేలు తిరిగి లేవలేదు. తెల్లవారిన తరువాత దానిని పడవలకు ఎక్కించేవారు. గుడ్లు పెట్టకముందే తల్లులను పట్టుకుంటే ఆ జాతికి తరువాతి తరమే ఉండదని కార్ గ్రహించాడు.

1955లో టోర్టుగేరోలో తాబేళ్ళకు గుర్తుబిళ్ళలు వేయడం ప్రారంభించాడు. మొదట డిప్పకు తగిలించిన బిళ్ళలు ఊడిపోయాయి. అందువలన పశువుల చెవులకు వేసే లోహపు బిళ్ళలను తాబేలు ముందరి ఈతకాలికి బిగించాడు. బిళ్ళపై సంఖ్య, చిరునామా, తెచ్చి ఇచ్చినవారికి బహుమానం లభిస్తుందన్న ప్రకటన ఉండేవి. నికరాగ్వా, పనామా, కొలంబియా, మెక్సికో, క్యూబా మొదలైన దేశాల జాలరుల నుండి బిళ్ళలు తిరిగి వచ్చాయి. వీటిలో అధికభాగం నికరాగ్వా తీరంలోని సముద్రపు గడ్డి ప్రాంతాల నుండి వచ్చినవే. కొన్నేళ్ళ తరువాత అవే తాబేళ్ళు మళ్ళీ టోర్టుగేరోకే వచ్చి గుడ్లు పెట్టాయి.

అంతర్జాతీయ కృషి

1956లో వెలువడిన 'ది విండ్‌వర్డ్ రోడ్' అనే యాత్రా గ్రంథాన్ని చదివిన జాషువా పవర్స్ అనే ప్రచురణకర్త, తన మిత్రులతో కలిసి పచ్చ తాబేళ్ళ కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. అదే 1959లో కరేబియన్ కన్సర్వేషన్ కార్పొరేషన్ గా రూపొందింది. ప్రస్తుతం ఈ సంస్థ పేరు సీ టర్టిల్ కన్సర్వెన్సీ. కార్ దీనికి శాస్త్రీయ మార్గదర్శకుడు.

1960వ దశకంలో ఈ సంస్థ అమెరికా నౌకాదళ విమానాల సహాయంతో టోర్టుగేరో గుడ్లను, పిల్లలను కరేబియన్ లోని అనేక దేశాల తీరాలకు చేర్చింది. అక్కడ కొత్తగా తాబేళ్ళ స్థావరాలు ఏర్పడగలవని ఆశించారు. ఆ ఆశ నెరవేరినట్లు ఆధారాలు లభించలేదు. అయితే ఈ కార్యక్రమం ద్వారా ఆయా దేశాలలో తాబేళ్ళ రక్షణకు పూనుకునేవారు ఏర్పడ్డారు.

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయుసిఎన్) ఆధ్వర్యంలోని సముద్ర తాబేళ్ళ నిపుణుల బృందానికి కార్ చాలాకాలం అధ్యక్షత వహించాడు. కోస్టారికా ప్రభుత్వం 1975లో టోర్టుగేరోను జాతీయ వనంగా శాశ్వత చట్టంతో రక్షించింది. అదే దశకంలో నికరాగ్వా తీరంలో తాబేలు మాంసం ఎగుమతి చేసే కర్మాగారాలు కొంతకాలం నడిచాయి. కోస్టారికా కాపాడిన తాబేళ్ళే అక్కడ వధకు గురికావడం చూసి, కార్ ఈ దేశాల మధ్య ఒప్పందం అవసరమని వాదించాడు. ఆ దశకం చివరికి ఆ కర్మాగారాలు మూతపడ్డాయి.

రిడ్లే చిక్కుముడి

కెంప్స్ రిడ్లే అనే చిన్న తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతుందో ఎవరికీ తెలియక, అది రెండు ఇతర జాతుల సంకరమని జాలరులు నమ్మేవారు. కార్ రెండు దశాబ్దాలకు పైగా దాని జన్మస్థలం కోసం వెదికాడు. మెక్సికోకు చెందిన ఒక ఇంజనీరు 1947లో రాంచో నువేవో తీరంలో తీసిన చలనచిత్రం 1961లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. అందులో పట్టపగలు వేలాది రిడ్లేలు ఒకేసారి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడుతున్న దృశ్యం ఉంది. ఒకే రోజున సుమారు 40,000 తాబేళ్ళు వచ్చాయని అంచనా వేశారు. 1985 నాటికి ఏడాది మొత్తంలో కనిపించిన గూళ్ళు 702 మాత్రమే. 1978 నుండి మెక్సికో, అమెరికా కలిసి ఈ తీరాన్ని కాపాడుతున్నాయి.

భారత తీరంతో సంబంధం

కార్ పరిశోధనా క్షేత్రం ప్రధానంగా కరేబియన్ అయినప్పటికీ, ఈయన లేవనెత్తిన ప్రశ్నలు తెలుగు ప్రాంతాన్నీ తాకాయి. కెంప్స్ రిడ్లేకు దగ్గరి బంధువైన ఆలివ్ రిడ్లే తాబేలు శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఆంధ్ర తీరంలో గుడ్లు పెడుతుంది. ఒడిషాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాలలో ఇవి వేల సంఖ్యలో ఒకేసారి ఒడ్డుకు చేరుతాయి. ఒడిషాలో బిళ్ళ వేసిన తాబేళ్ళు శ్రీలంక జలాలలో దొరకడంతో వీటి రక్షణ కూడా దేశాల ఉమ్మడి బాధ్యత అని తేలింది.

రిడ్లేల పుట్టుక గురించిన చర్చకు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తోడ్పడ్డారు. భారత తూర్పు తీరపు ఆలివ్ రిడ్లేల జన్యువులపై 2004లో ప్రచురితమైన వీరి పరిశోధన ప్రకారం, పసిఫిక్, అట్లాంటిక్ సముద్రాలలోని ఆలివ్ రిడ్లేలకు హిందూ మహాసముద్ర ప్రాంతం మూలస్థానమై ఉండవచ్చు.

సముద్ర తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే ఊపిరాడక మరణిస్తుంది. వలలో తాబేలు తప్పించుకునే పరికరం అమర్చని దేశాల రొయ్యలను అమెరికా నిషేధించగా, భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. తాబేళ్ళ రక్షణ న్యాయమైన లక్ష్యమేనని, అయితే అమెరికా ఖండాల దేశాలతో చర్చలు జరిపినట్లు ఆసియా దేశాలతో జరపకుండా నిషేధం విధించడం వివక్ష అని 1998లో అప్పీలు తీర్పు వెలువడింది. తరువాత 2001లో హిందూ మహాసముద్రం, ఆగ్నేయాసియా దేశాల తాబేళ్ళ రక్షణ అవగాహన ఒప్పందం అమలులోకి వచ్చింది. భారతదేశం దీనిపై 2007లో సంతకం చేసింది.

రచనలు, పురస్కారాలు

- హ్యాండ్‌బుక్ ఆఫ్ టర్టిల్స్ (1952): డేనియల్ గిరో ఎలియట్ పతకం
- హై జంగిల్స్ అండ్ లో (1953)
- ది విండ్‌వర్డ్ రోడ్ (1956): జాన్ బరోస్ పతకం
- ఉలెండో (1964): ఆఫ్రికా పర్యటన
- సో ఎక్సలెంట్ ఎ ఫిష్ (1967): పచ్చ తాబేళ్ళ పరిశోధన

1987లో అమెరికా పర్యావరణ శాస్త్ర సంఘం ఈయనను విశిష్ట పర్యావరణ శాస్త్రవేత్త పురస్కారంతో గౌరవించింది.

చివరి దశ

గుడ్డు నుండి వెలువడి సముద్రంలో ప్రవేశించిన పిల్లలు కొన్నేళ్ళపాటు ఎక్కడ పెరుగుతాయన్నది కార్ చివరి సంవత్సరాలలో పరిశోధించిన అంశం. అవి సముద్ర ప్రవాహాలు కలిసే చోట తేలే నాచు దిబ్బలలో పెరుగుతాయని వివరించాడు. తేలియాడే ప్లాస్టిక్ చెత్త, తారు కూడా అక్కడికే చేరి పిల్లలకు హాని కలిగిస్తున్నాయని హెచ్చరించాడు. 1987 మే 21న ఫ్లోరిడాలోని మికనోపీ సమీపంలో తన ఇంటిలో కేన్సర్ వ్యాధితో మరణించాడు.

ఈయన స్మారకంగా ఫ్లోరిడా తూర్పు తీరంలో 1991లో ఆర్చీ కార్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఏర్పడింది. ఈయన ప్రారంభించిన గుర్తుబిళ్ళల కార్యక్రమం టోర్టుగేరోలో నేటికీ కొనసాగుతోంది. పచ్చ తాబేలు సంఖ్య ప్రపంచవ్యాప్తంగా కోలుకోవడంతో 2025లో ఐయుసిఎన్ దానిని అంతరించే ప్రమాదమున్న జాతుల వర్గం నుండి తొలగించింది. కెంప్స్ రిడ్లే మాత్రం ఇప్పటికీ తీవ్రమైన ప్రమాదంలోనే ఉంది.