దయాశతకములోని చెఱకుపాకము

తిరుమలేశుని ఘంటాంశమున శ్రీమద్వేదాంత దేశికులు అవతరించిరని శ్రీవైష్ణవుల విశ్వాసము. క్రీ.శ. 1268లో కాంచీపురము చెంతనున్న తూప్పుల్‌లో అనంతసూరి, తోతారంబ దంపతులకు జన్మించిరి. వేంకటనాథుడని నామకరణము. మేనమామగారగు ఆత్రేయ రామానుజులే విద్యాగురువులు.

వారి బిరుదులలో కవితార్కికసింహ మొకటి. సింహమువంటి వారనిన ఉపమ, సింహమే యనిన రూపకము. పోలికను తెలుపు మాట జారిపోగానే భేదము మాసిపోవును. సంకల్పసూర్యోదయ నాటకమున వివేకమే రాజు, సుమతియే రాణి, మహామోహమే శత్రువు. శ్రీరంగనాథుని పాదుకలపై 1008 శ్లోకములు ఒక్క రాత్రిలో చెప్పిరని సంప్రదాయము.

కాని యాత్రికులమగు మనకు దయాశతకమే ముఖ్యము. శ్రీనివాసుని దయ చెఱకురసపు టేఱుగా పాఱి, గడ్డకట్టి, శర్కరయై, వేంకటాద్రిగా నిలిచినదని మొదటి శ్లోకభావము. పాఠశాలలో మాకు కువలయానందము చెప్పిన గురువుగారు దీనివద్ద ఒక పూటంతయు నిలిచిరి. (ఆ గ్రంథకర్తయగు అప్పయ్య దీక్షితులు శైవులయ్యును దేశికుల యాదవాభ్యుదయమునకు వ్యాఖ్య రచించిరి.) కొండను చక్కెరతో పోల్చుటయే యైనచో ఇది ఉపమ. అయితే, బహుశా అను నర్థమిచ్చు పదము శ్లోకమున నున్నది. అది కవి ఊహను తెలుపును గనుక ఉత్ప్రేక్ష యనుటయే నాకు సమంజసముగా తోచును.

రాతికొండను చక్కెర యనుట అబద్ధము కాదా యని నాడు నేనడిగితిని. గురువుగారు కోపింపలేదు. రసము పాఱిపోవును, దోసిట నిలువదు; గడ్డకట్టినదే చేతికందును. వైకుంఠమందలి దయ మనబోంట్లకు అందవలెనన్న అర్చామూర్తియై కొండమీద నిలువవలసినదే గదా యనిరి. మోకాళ్ళమెట్టు ఎక్కునపుడెల్ల ఆ మాట నాకు జ్ఞప్తికి వచ్చును.

ఇంత తీయగా వ్రాసినవారి బ్రదుకు తీయనిది కాదు. 1323 నాటి శ్రీరంగ దండయాత్రలో శవముల నడుమ దాగి, సుదర్శనసూరి శ్రుతప్రకాశికను, ఆయన కుమారులను కాపాడిరని గురుపరంపర చెప్పుచున్నది. రాజాశ్రయమునకు పిలుపు వచ్చినను పోలేదు, ఉంఛవృత్తియే జీవనము. ఒకనాడు భిక్షబియ్యములో ఎవరో బంగారు నాణెములు కలిపిరి. ఇవి యేమని ఇల్లాలు అడుగగా, పురుగులని దర్భపుల్లతో ఏరి పాఱవేసిరట. ఒకదానిని మఱియొకటిగా తలచుటను ఆలంకారికులు భ్రాంతిమంతమందురు. కవి కల్పించినపుడే అది అలంకారము. దేశికుల కన్నులకు అవి నిజముగా పురుగులే.

నూఱేండ్లు నిండిన పిమ్మట, 1369లో, వారు శ్రీరంగమున పరమపదించిరి.